బదులు చదువు

ముందు మా మెట్ల మీద చెప్పులు పెరిగాయి. ఇంట్లో మాటలు పెరిగింది ఆ తర్వాతే.

ఎల్బీనగర్ చౌరస్తా నుంచి మన్సూరాబాద్ వైపు పోతే లోపలి గల్లీలో మా ఇల్లు. నల్లగొండ దిక్కు నుంచి వచ్చి, మేస్త్రీ పనిలో కుదురుకున్నాక కట్టుకున్నాను. కింది వాటా కిరాయికి ఇచ్చాం. భీమవరం వాళ్ళు ఉంటారు. ఆయన మందుల కంపెనీ పని మీద ఎప్పుడూ ఊళ్ళు తిరుగుతుంటాడు. ఆవిడ పేరు సీతామహాలక్ష్మి. వాళ్ళమ్మాయి సింధూర. పై వాటాలో నా కొడుకు జగన్, కోడలు సంతోషి, మనవరాలు మౌనిక. ఆ పైన డాబా మీద రేకుల గది. అది నాదీ, నా భార్య కిష్టమ్మదీ. మెట్లు బయటి నుంచే ఉన్నాయి, గేటు తీస్తే ఎవరైనా నేరుగా పైకి రావచ్చు.

మౌనికదీ సింధూరదీ ఒకే కాలేజీ, ఒకే క్లాసు. కంప్యూటర్ల ఇంజనీరింగు, మూడో ఏడు.

శివరాత్రి దాటి ఎండ కాస్త ముదిరిన రోజుల్లో, డాబా మీద కిష్టమ్మ చింతపండు గింజలు తీస్తోంది. పక్కన పిల్లలిద్దరూ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. మౌనిక పుస్తకం మూసేసి నెత్తి పట్టుకుంది.

"ఈ కంపైలర్ నాకు ఎక్కుతలేదు నాయనమ్మా. ఎన్ని సార్లు చదివినా అట్లనే ఉన్నది."

"నాకు అది బాగానే ఉందే," అంది సింధూర. "నెట్‌వర్క్స్ అంటేనే భయం. నువ్వేమో దాన్ని కథ చదివినట్టు చదువుతావు."

కిష్టమ్మ తల ఎత్తకుండానే అంది. "నీకు రానిది ఆమెకొస్తది. ఆమెకు రానిది నీకొస్తది. ఇగ ఏడుపెందుకే? బదులు పోరి."

"బదులు అంటే ఏంటి బామ్మగారూ?" అని అడిగింది సింధూర.

కిష్టమ్మ చెప్పింది. మా ఊళ్ళలో నాట్ల కాలం వస్తే కూలీలు దొరకరు. అందరికీ ఒకేసారి పని. అందుకని ఇవాళ అందరూ కలిసి మా మడిలో నాటు వేస్తారు, రేపు అందరూ వాళ్ళ మడిలో వేస్తారు. దాన్నే బదులు పోవడం అంటాం. దానికి రెండు కట్టుబాట్లు. నీ మడిలో ఎట్లా వంగుతావో పక్కవాళ్ళ మడిలోనూ అట్లాగే వంగాలి, అక్కడ చేయి మందం కావద్దు. ఇంకొకటి, ఎవరి మడి పెద్దది, ఎవరిది చిన్నది అని కొలవద్దు. దినానికి దినం. కొలిచిన ఇంటికి మరుసటేడు ఎవరూ పోరు.

ఆ ఆదివారమే పిల్లలు మొదలుపెట్టారు. పొద్దున సింధూర కంపైలర్ చెప్పేది. మధ్యాహ్నం మౌనిక నెట్‌వర్క్స్ చెప్పేది. మా గది గోడకు సున్నం వేసి చాలా రోజులైంది. దాని మీదే బొగ్గుతో గీతలు గీసి చెప్పుకునేవారు. నేను గడప దగ్గర కుర్చీలో కూర్చుని వినేవాణ్ణి. నేను మూడో తరగతితో బడి మానినవాణ్ణి. అర్థమైంది తక్కువ. కానీ ఎవరికి అర్థమవుతోంది, ఎవరికి కావడం లేదు అన్నది మొహం చూస్తే తెలుస్తుంది.

రెండు మూడు వారాలకు ఈ సంగతి వాళ్ళ క్లాసులో పాకింది. హయత్‌నగర్ నుంచి ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉండేవాళ్ళు నలుగురు మెట్రో ఎక్కి వచ్చారు. విమానం నడపడం నేర్పే మైదానం ఉన్న నాదర్‌గుల్ నుంచి వినయ్ అని ఒక పిల్లవాడు బండి మీద వచ్చేవాడు. మనిషి మంచివాడు. పాఠం మాత్రం ఎంత చెప్పినా మళ్ళీ మొదటికే వచ్చేవాడు.

"వీడు వాళ్ళ ఊరి విమానం లెక్కనే నాయనమ్మా," అనేది మౌనిక. "పాఠం సుట్టు తిరుగుతనే ఉంటడు గాని దిగడు."

"పెట్రోలైనంక దిగుత తియ్," అనేవాడు వాడు.

వచ్చిన ప్రతివాడూ ఏదో ఒకటి చెప్పాలని కిష్టమ్మ షరతు పెట్టింది. వినయ్‌కు చెప్పడానికేమీ లేకపోయింది. చివరికి ల్యాబులో మిషన్ల దగ్గర చేతి పని బాగా వచ్చునని తేలింది. అది చూపించేవాడు. అట్లా బదులు కుదిరింది. మెట్ల మీద చెప్పులు కింది నుంచి పైదాకా పరుచుకున్నాయి.

జగన్ హయత్‌నగర్ డిపోలో బస్సు డ్రైవరు. ఒక ఆదివారం మధ్యాహ్నం డ్యూటీకి బయలుదేరి, ఆ కుప్పలో తన చెప్పులు కనబడక కిందికీ పైకీ తిరిగాడు.

"ఇది ఇల్లా గుడా? రేపటి సంది టోకెన్లు ఇయ్యుండ్రి," అన్నాడు. అప్పటికి అది నవ్వుతూ అన్నదే.

తర్వాతి వారం కాలేజీలో తల్లిదండ్రులను రమ్మన్నారు. సంతోషి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపులో పని చేస్తుంది, పెళ్ళిళ్ళ రోజులు కాబట్టి సెలవు దొరకలేదు. జగన్ నన్ను బండి ఎక్కించుకుని పోయాడు.

సాంబమూర్తి అనే సారు మమ్మల్ని కూర్చోబెట్టి నిదానంగా చెప్పాడు. ప్రతి సబ్జెక్టుకూ ఒక గ్రేడు ఇస్తారు. ఓ వస్తే పది పాయింట్లు. ఏ ప్లస్‌కు తొమ్మిది, ఏ కు ఎనిమిది, బీ ప్లస్‌కు ఏడు, బీ కి ఆరు. అట్లా దిగుతూ పోతుంది. అన్నీ కలిపి సగటు తీస్తారు.

"మీ అమ్మాయి సగటు ఇప్పటికి ఏడు పాయింట్ నాలుగు. వచ్చే సెమిస్టర్లో కంపెనీలు వస్తాయి. ఏడున్నర లేనివాళ్ళను వాళ్ళ పరీక్షకు కూర్చోనివ్వరు. కొద్దిలో ఆగింది. ఈ ఒక్క సెమిస్టర్లో ఎనిమిది తెచ్చుకుంటే మొత్తం ఏడున్నర అవుతుంది."

"తెస్తది సార్," అన్నాడు జగన్. "నెట్‌వర్క్స్‌ల తొంభై దాక వస్తయని అంటున్నది. అండ్ల ఓ ఖాయం గద?"

సారు చిన్నగా నవ్వాడు. "తొంభై వస్తే ఓ అని ఏం లేదండీ. మా దగ్గర మార్కు చూసి గ్రేడు ఇవ్వం. క్లాసులో ఎక్కడ నిలబడ్డారో చూసి ఇస్తాం. అందరికన్నా ముందున్న కొద్దిమందికి ఓ. వాళ్ళ వెనకవాళ్ళకు ఏ ప్లస్. ఆ వెనక ఏ. పేపరు కష్టంగా వస్తే అరవై మార్కులకే ఓ రావచ్చు. అందరూ బాగా రాస్తే తొంభైకి కూడా ఏ నే రావచ్చు."

జగన్ మొహం మారింది. నేను ఒక్క మాట అడిగాను.

"అందరు మంచిగ రాస్తే, అందరికి మంచిది రాదా సారూ?"

"రాదు పెద్దాయనా. ఫెయిలు మాత్రం కారు. పాసు మార్కు దాటితే పాసే, అందులో మార్పు లేదు. కానీ గ్రేడు కోసం వరస కడితే ఎవరో ఒకరు ముందుంటారు, ఎవరో ఒకరు వెనకుంటారు."

తిరుగుదారిలో పనామా చౌరస్తా దగ్గర సిగ్నల్ పడింది. జగన్ బండి ఆపి, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"సూసినవా నాయినా. కూసున్న కొమ్మ నరుక్కుంటున్నది మన పిల్ల. అదీ, ఇంటికి పిలిచి, చాయ వోసి."

ఇంటికి పోయాక మౌనికను పిలిచాడు. సంతోషి అప్పుడే షాపు నుంచి వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"నీ గ్రేడు వేరేటోళ్ళ మార్కులను పట్టి ఉంటదని నీకు తెల్సా?"

"తెల్సు డాడీ. ఫస్టియర్ల చేరినప్పుడే చెప్పిన్రు."

"తెల్సి సుత గా మందికి నెట్‌వర్క్స్ చెప్తున్నవా?"

"సింధూరకు సుత తెల్సు. ఆమె నాకు కంపైలర్ చెప్తలేదా?"

"సింధూరకు తొమ్మిది ఉన్నది. ఒక మెట్టు దిగినా ఆమెకేం గాదు. నీకు ఏడున్నర లేదు." జగన్ గొంతు పెంచలేదు. అతనికి కోపం వస్తే గొంతు తగ్గుతుంది. "బస్సుల ఉన్నయే గిన్ని సీట్లు. నువ్వు ఎక్కకముందే అందర్ని పిలిచి కూసోబెడితే నువ్వు యాడ కూసుంటవ్?"

"నిలవడి పోత."

"నిలవడ్డోళ్ళను కంపెనీల తీస్కోరు బిడ్డా."

సంతోషి మధ్యలోకి వచ్చింది. "ఒక పని చెయ్ మౌనీ. కంపైలర్ చెప్పించుకో. నెట్‌వర్క్స్ చెప్పుడు బందు వెట్టు. పానం మంచిగ లేదని చెప్పు."

మౌనిక తల్లి వైపు చూసింది. "అప్పుడు అది బదులు ఎట్లయితది మమ్మీ?"

జగన్ నా వైపు తిరిగాడు.

"నాయినా, గది నీది. ఆదివారం పిల్లలు వస్తరు. ఇగ రావద్దని నువ్వే చెప్పు. పెద్దమనిషివి, నువ్వంటే ఎవ్వరు తప్పు వట్టరు."

నేను ఊ అనలేదు, ఊహూ అనలేదు. పైకి పోయాను.

మరునాడు సాయంత్రం సీతామహాలక్ష్మి మా డాబా మీదికి వచ్చింది. ఆవిడ ఊరికే పైకి రాదు. చేతిలో గిన్నె ఉంది. గిన్నెలో పులిహోర. గిన్నె తెచ్చిందంటే మాట పెద్దదే.

"పిన్నిగారూ, ఒక్క మాట. తప్పుగా అనుకోకండి," అంది.

"అనుకోను తియ్. కూసో సీతమ్మా," అంది కిష్టమ్మ.

"మా సింధూర చెప్పేది కంపైలర్ కదండీ. దానికి నాలుగు క్రెడిట్లు. మీ మౌనిక చెప్పే నెట్‌వర్క్స్‌కి మూడే."

"క్రెడిట్లంటే ఏంది?"

"బరువు అనుకోండి. వారంలో ఎక్కువ గంటలు చెప్పే సబ్జెక్టుకి ఎక్కువ క్రెడిట్లు. వచ్చిన గ్రేడు పాయింట్లని దాంతో హెచ్చవేసి, అప్పుడు సగటు తీస్తారు. నెట్‌వర్క్స్‌లో మీ మౌనికకి ఒక మెట్టు తగ్గితే మూడు పోతాయి. కంపైలర్లో మా సింధూరకి ఒక మెట్టు తగ్గితే నాలుగు పోతాయి. మరి అది సమానం ఎలా అవుతుందండీ?"

కిష్టమ్మ గిన్నె అందుకుంది. "అంటే మీ మడి పెద్దది. మా మడి చిన్నది."

"అలాగే అనుకోండి."

"మడి పెద్దగున్నదని బదులు ఆపరమ్మా. కొలిస్తే ఇగ అది బదులే గాదు."

"మీ వైపు కొలవరేమో పిన్నిగారూ. మా వైపు మడే కాదు, గట్టు కూడా కొలుస్తాం."

ఇద్దరూ నవ్వారు. నవ్వినా ఆవిడ వచ్చిన పని అట్లాగే ఉండిపోయింది. పోతూ పోతూ నా వైపు చూసి, "బాబాయిగారూ, మీరైనా ఆలోచించండి," అంది.

కింద కొడుకు ఒక లెక్కతో ఆపమన్నాడు. కింది వాటా ఆవిడ ఇంకో లెక్కతో ఆపమంది. రెండు లెక్కలూ నిజమే. కాదనడానికి నా దగ్గర లెక్క లేదు. మౌనికకు ఏడున్నర రాకపోతే కంపెనీలు వచ్చిన రోజు మిగతావాళ్ళు లోపల పరీక్ష రాస్తుంటే అది బయట బెంచీ మీద కూర్చోవాలి. అది నా కళ్ళ ముందు కనబడుతూనే ఉంది.

ఆదివారం వచ్చింది. జగన్‌కు ఆ రోజు సెలవు. పొద్దున్నే డాబా మీదికి వచ్చి పిట్టగోడకు ఆనుకుని నిలబడ్డాడు. కింద గేటు చప్పుడైంది. పిల్లలు ఒక్కొక్కరే చెప్పులు విడిచి ఎక్కి వచ్చారు. ఇంట్లో మాట జరిగిందని వాళ్ళకు ఎట్లాగో తెలిసినట్టుంది. ఎవరూ గది లోపలికి పోలేదు. సింధూర మౌనిక పక్కకు వచ్చి నిలబడింది. కింది మెట్ల మలుపులో సీతామహాలక్ష్మి చీర కుచ్చిళ్ళు కనబడుతున్నాయి. ఆవిడా వింటోంది.

జగన్ నా వైపు చూశాడు.

నేను కుర్చీలోంచి లేచాను. గది గడియ తీశాను.

"నారు వీకి కట్టలు కట్టినంక నాటు ఆపరు," అన్నాను. "ఎండుతది. పరీక్షలైనంక మాట్లాడుదం."

పిల్లలు లోపలికి పోయారు. జగన్ దిగిపోయాడు. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. నాకు మాటలు తక్కువ కాబట్టి మిగతావాళ్ళకు ఆ తేడా తెలియలేదు. నాకూ వాడికీ తెలుసు.

కిష్టమ్మ మాత్రం పడుకునే ముందు అంది. "చెప్పినవ్ సరే. పిల్లకు ఏమన్న అయితే నీ మాటే మీద వడ్తది."

"పడనీ," అన్నాను.

ఎండలు ముదిరాయి. రేకుల కింద కూర్చోవడం కష్టమైంది. గోనె సంచులు తడిపి రేకుల మీద పరిచేవాణ్ణి. ఎండితే మళ్ళీ తడిపేవాణ్ణి. లోపల కొంచెం చల్లబడేది. పరీక్షలకు ముందు వారం పిల్లలు రోజూ వచ్చారు. వినయ్‌కు నెట్‌వర్క్స్‌లో ఒక ముడి విడక మౌనిక మళ్ళీ మళ్ళీ చెప్పింది. ఒకసారి చెప్తూ చెప్తూ అదే ఆగిపోయింది. "అరే, ఇది ఇంతకుముందు నాకు సుత సక్కగ తెల్వదు," అంది. చెప్పేవాళ్ళకు కూడా అప్పుడప్పుడు అట్లా తెలుస్తుంది.

సింధూర చెప్పే పద్ధతి వేరు. బొగ్గు మౌనిక చేతికిచ్చి గోడ దగ్గర నిలబెట్టేది. తప్పు చేస్తే చెరపమనేది. "నీ చేత్తో రాయి. నేను రాస్తే నాకు వస్తుంది, నీకు రాదు," అనేది. అందులో చేయి మందం లేదు. నేను చూశాను.

పరీక్షలు అయిపోయాయి. ఫలితాలు ఎప్పుడొస్తాయో తెలియదన్నారు. జగన్ నాతో మామూలుగా మాట్లాడడం మొదలుపెట్టాడు, కానీ ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

నా కళ్ళద్దాల కాడ విరిగింది. ఒక మధ్యాహ్నం మౌనిక నన్ను దిల్‌సుఖ్‌నగర్ తీసుకుపోయింది. అద్దాలు బాగు చేయించి, సంతోషి షాపులో కాసేపు కూర్చుని, మెట్రో స్టేషన్ కింద షేర్ ఆటో ఎక్కాం. ఇంకో ఇద్దరు ఎక్కితే గాని కదలనన్నాడు ఆటో అతను. అప్పుడు మౌనిక ఫోను మోగింది. వినయ్.

"అక్కా, రిజల్ట్ వచ్చింది. నెట్‌వర్క్స్‌ల నాకు ఓ." వాడి గొంతు నాకు కూడా వినబడింది. తోటివాడే అయినా పాఠం చెప్పించుకున్నాక అక్కా అనడం మొదలుపెట్టాడు. "దిగిన అక్కా. విమానం దిగింది."

మౌనిక నవ్వింది. ఫోను పెట్టేసి తన ఫలితం తెరిచింది. మొదట నెట్‌వర్క్సే చూసింది.

"ఏమొచ్చింది?" అన్నాను.

"ఏ ప్లస్. ఓ రాలేదు తాతా."

అంతలో జగన్ ఫోను చేశాడు. బస్సు డిపోలో పెట్టి ఉన్నట్టుంది, వెనక మైకులో ఏదో చెప్తున్నారు.

"ఏమాయె?"

"నెట్‌వర్క్స్‌ల ఏ ప్లస్ డాడీ."

"ఓ నీకు రావల్సింది గద. ఎవరికి పోయింది?"

"నలుగురికి వచ్చింది. వినయ్‌కి సుత."

"గా విమానం గానికా?" అన్నాడు జగన్. ఆ తర్వాత, "బండి టైమైంది, మల్ల జేస్త," అని పెట్టేశాడు.

ఆటోలో ఇంకో మనిషి ఎక్కాడు. నేను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను. నా మాటే మీద పడిందనుకున్నాను.

"తాతా," అంది మౌనిక. "కంపైలర్ సూడు."

నేను చూసి ఏం చేస్తాను. "నువ్వే చెప్పు."

"ఏ వచ్చింది. ఎనిమిది పాయింట్లు. మొదటి మిడ్ పరీక్షల నాకొచ్చిన మార్కులకు బీ వచ్చుడే ఎక్కువుండె."

నేను వేళ్ళ మీద లెక్క పెట్టాను. సీతామహాలక్ష్మి చెప్పిన పద్ధతి గుర్తుంది. నెట్‌వర్క్స్‌లో ఒక మెట్టు దిగింది. దాని బరువు మూడు. మూడు పోయాయి. కంపైలర్‌లో రెండు మెట్లు ఎక్కింది. దాని బరువు నాలుగు. ఎనిమిది వచ్చాయి.

"మూడు వోయి ఎనిమిది వచ్చినయా?" అన్నాను.

అది నా మొహం వైపు చూసింది. "అవ్ తాతా. మిగిలినయి అనుకున్నట్టే వచ్చినయి." ఫోనులో లెక్క వేసింది. ఒకసారి వేసి, నమ్మక మళ్ళీ వేసింది. "సెమిస్టర్‌కు ఎనిమిది పాయింట్ ఒకటి. మొత్తం ఏడు పాయింట్ ఐదు రెండు."

"ఏడున్నర దాటిందా?"

"దాటింది."

"నెట్‌వర్క్స్‌ల ఓ వచ్చి, కంపైలర్‌ల బీ వస్తే?"

ఆ లెక్కా వేసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని చెప్పింది. "ఏడున్నరకు కొద్దిగ కిందనే ఆగుతుండె."

ఆటో కదిలింది. కొత్తపేట దాటేదాకా అది ఫోను చూసుకుంటూనే ఉంది. తర్వాత నా భుజం మీద తల ఆనించింది. "ఇంకోటి తాతా. ఈ సారి కంపైలర్‌ల క్లాసు మొత్తంల ఫెయిల్ ఎవ్వరు కాలే. వెనకున్నోళ్ళు వెనకనే ఉన్నరు గాని, పాసైన్రు."

ఆ రోజు సారును నేను అడిగిన మాట దానికి ఎవరు చెప్పారో తెలియదు. జగనే చెప్పి ఉంటాడు.

ఇంటికి పోయేసరికి సీతామహాలక్ష్మి గేటు దగ్గరే ఉంది. మమ్మల్ని చూడగానే లోపలికి పోయి గిన్నెతో వచ్చింది. ఈసారి గిన్నెలో పూతరేకులు ఉన్నాయి. నేరుగా మా వెంటే డాబా ఎక్కింది.

"పిన్నిగారూ, మా సింధూరకి కంపైలర్లో ఓ పోయిందండీ. ఏ ప్లస్ వచ్చింది."

"అయ్యో," అంది కిష్టమ్మ.

"నాలుగు పోయాయి. నెట్‌వర్క్స్‌లో ఎప్పుడూ బీ ప్లస్ దాటదనుకున్నాను. ఏ ప్లస్ వచ్చింది. ఆరు కలిశాయి. పోయినవి పోగా రెండు మిగిలాయి."

"కొలిచినవా సీతమ్మా?"

"కొలవకుండా ఎలా ఉంటామండీ?" అని నవ్వేసింది. పూతరేకు ఒకటి నా చేతిలో పెట్టింది. "బాబాయిగారూ, మీరు ఆ రోజు గడియ తీసినప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. నిజం చెప్తున్నాను. తినండి."

తిన్నాను.

జగన్ డ్యూటీ దిగి చీకటి పడుతుండగా వచ్చాడు. అప్పటికే మౌనిక ఫోనులో అన్నీ చెప్పింది. అయినా మళ్ళీ ఎదురుగా కూర్చోబెట్టుకుని మొదటి నుంచి చెప్పించుకున్నాడు. మూడు, ఎనిమిది, ఏడు పాయింట్ ఐదు రెండు. విన్నాడు.

"అయితే కంపెనీలకు కూసుంటవ్."

"కూసుంట."

"సీటు దొరికింది," అన్నాడు. కూతురి నెత్తి మీద చేయి పెట్టి కాసేపు అట్లాగే ఉంచాడు. అన్నం తినేటప్పుడు నా పళ్ళెంలో ఇంకో గరిటె పప్పు వేశాడు. ఆ పని వాడు ఎప్పుడూ చేయడు.

కొత్త సెమిస్టర్ మొదలయ్యాక మొదటి ఆదివారం. పొద్దున వాన పడి వెలిసింది. నేను గది ఊడ్చి, గోడ మీద పాత బొగ్గు గీతలు తడి గుడ్డతో తుడిచాను. కింద గేటు చప్పుడైంది. ముందు వినయ్ వచ్చాడు. తర్వాత హయత్‌నగర్ అమ్మాయిలు. వాళ్ళ వెనక నేను ఎప్పుడూ చూడని మొహాలు ఇంకో మూడు. విడిచిన చెప్పులు కింద చోటు చాలక పై మెట్టు దాకా వచ్చాయి.

జగన్ మధ్యాహ్నం డ్యూటీకి తయారై బయటికి వచ్చాడు. గడప దగ్గర నిలబడి ఆ మెట్ల వైపు చూశాడు. ఏమంటాడోనని సంతోషి లోపలి నుంచి తొంగి చూసింది.

వాడు వంగి, తన చెప్పులు వెతికి పట్టుకున్నాడు. ఆ ఖాళీ అయిన చోట, తడిలో పడి ఉన్న ఎవరో పిల్ల చెప్పులు తీసి సర్ది పెట్టాడు. తన చెప్పులు చేత పట్టుకుని, ఎవరివీ తొక్కకుండా, గేటు దాకా ఉత్త కాళ్ళతో దిగిపోయాడు.